ఓడకు కట్టిన చీర

ఆ ఉదయం తూర్పున మబ్బుతునక లేదు. రాత్రి కమ్ముకున్న మబ్బులు దక్షిణానికి జరిగిపోయి, ఆకాశం అలికిన అరుగులా శుభ్రంగా ఉంది. ఇలాంటి రోజున కూర్మయ్య వెలుగు రాకముందే వల వేసి ఉండేవాడు. ఇవాళ మాత్రం ఒక పెద్ద ఓడ పై అంతస్తులో, ఈతకొలను పక్కన, పడక కుర్చీలో వెల్లకిలా పడి ఉన్నాడు. కాళ్ళకు పొట్టి లాగు, కళ్ళకు నల్లద్దాలు, నెత్తిన గడ్డి టోపీ. అన్నీ అల్లుడు మోహనకృష్ణ కొనిచ్చినవే. టిక్కెట్లూ అతనివే. సెలవు దొరక్క, తీసుకున్న టిక్కెట్లు అత్తమామల చేతిలో పెట్టాడు. విశాఖపట్నంలో ఎక్కాలి, ఒడిశా దాకా పోయి తిరిగి రావాలి. ఇవాళ నడిసముద్రంలో విశ్రాంతి అన్నారు. శ్రీకాకుళం తీరానికి దూరంగా ఓడ ఇంజన్లు ఆపుకుని నిలబడింది.

కూర్మయ్య తన ఊరికి పెద్ద. ఆ ఊరి ఆడవాళ్ళు చేపలు అమ్ముతారు, వలలు బాగుచేస్తారు, పడవకు పసుపు రాస్తారు. పడవ మాత్రం ఎక్కరు. ఎక్కితే గంగమ్మకు కోపం. మొన్న ఒక కొత్త పెళ్ళికూతురు ఒడ్డున బోర్లించిన పడవ మీద కూర్చుని ఫొటో దిగింది. కూర్మయ్య ఆమె మొగుడి చేత పడవంతా పసుపునీళ్ళతో కడిగించాడు. పడవలూ తెప్పలూ ఓడలూ అన్నీ ఒకటేనని, ఆడమనిషి దేన్నీ ఎక్కరాదని తీర్పు కూడా చెప్పాడు. ఆ తీర్పుకు అందరికంటే గట్టిగా తలూపినవాడు మేనల్లుడు ధనరాజు. మావ తరువాత పెద్దరికం తనదేనని అతని లెక్క. వచ్చే ఆదివారం ఊరు కూర్చుని పెద్దను ఎన్నుకోవాలి. కూర్మయ్య పెళ్ళాన్ని సముద్రం మీదికి తెచ్చాడని తెలిస్తే పెద్దరికం అక్కడితో సరి.

అందుకే శృంగవరపుకోటలో పెళ్ళి ఉందని చెప్పి బయల్దేరారు. మొదట అతను రానన్నాడు. పెళ్ళాం బుల్లమ్మ ఒకే మాట అంది. "పెళ్ళైనకాణ్ణుంచి నీ సేపలు అమ్ముతన్నాను. అవి ఎక్కణ్ణుంచి వస్తన్నాయో ఒక్క దినం సూపించు." కూర్మయ్య సంచి సర్దుకున్నాడు.

కునుకు తీసి లేచేసరికి దూరంగా ఒక పడవ కనిపించింది. దాని మీద నిలబెట్టిన తెడ్డుకు గుడ్డ కట్టి ఉంది. కూర్మయ్య లేచి కూర్చున్నాడు. ఆ తీరంలో గుడ్డ ఎత్తారంటే ఆపదలో ఉన్నారని. చూసినవాడు వల కోసుకునైనా వెళ్ళాలి. పోతూ తానూ గుడ్డ ఎత్తాలి, వెనకున్న పడవకు కబురు అందడానికి.

అతను తెల్లదుస్తుల్లో ఉన్న త్రినాథ్‌ను పట్టుకున్నాడు. విజయనగరం కుర్రాడు, ఓడలో చిన్న అధికారి.

"బాబూ, ఆ పడవోళ్ళకి ఏటో అయినాది. గుడ్డెత్తినారు. మీ పెద్దోళ్ళకి సెప్పు."

త్రినాథ్ ఫోనులో చెబుతుండగానే రెండో పడవ కనిపించింది. దానికీ గుడ్డ. ఆ వెనక మూడోది.

"ఇదేటి బాబూ, గాలివాన నేదు, కెరటం నేదు. అందరికీ ఒక్కపాలే ఏటొచ్చినాది?"

"అంకుల్, అవన్నీ మనవైపే వస్తున్నాయి."

కూర్మయ్య కమ్మీ మీదికి వంగి చూశాడు. కింది అంతస్తులో తమ గది వసారాకు బుల్లమ్మ ఎర్రచీర కట్టి ఉంది. పొద్దున కాఫీ ఒలికితే ఉతికి, గాలికి పోకుండా చేపల గంపకు వేసే ముడి వేసింది. చీర జెండాలా ఎగురుతోంది. గుడ్డ సంగతి మగాళ్ళ విద్య. ఎన్నడూ పడవ ఎక్కని మనిషికి ఎవరు చెబుతారు?

మెట్లు దిగి గదిలోకి పరుగెత్తాడు. బుల్లమ్మ వసారాలో కూర్చుని నీళ్ళు చూస్తోంది.

"ఒసే, సీర తియ్యవే."

"ఇంకా ఆరనేదు. నీకేటి తొందర?"

మాట వినకుండా ముడి కొరికి చీర లోపలికి లాగేశాడు. లాగాక గుర్తొచ్చింది. సాయం రాకముందే ఎత్తిన గుడ్డ దిగిందంటే మునిగిపోతున్నారని అర్థం. బయట పడవల మోటార్ల చప్పుడు రెట్టింపయింది.

ఈలోగా పైన పాటలు పెట్టే కుర్రాడికి ఎవరో సగం సంగతి చెప్పారు. మిగతా సగం అతనే కల్పించాడు. మత్స్యకార సోదరులు ఊరేగింపుగా స్వాగతం చెప్పడానికి వస్తున్నారని, అందరూ తువ్వాళ్ళు ఊపి ఆదరించాలని మైకులో చెప్పాడు. జనం ఎగబడ్డారు. ఓడ పొడవునా తువ్వాళ్ళు, చున్నీలు, ఒక పెద్దాయన పంచె కూడా లేచాయి. ఓడలో ఉన్నవాళ్ళంతా ప్రాణాలు కాపాడమని మొత్తుకుంటున్నారని పడవల్లో అనుకున్నారు. కనుచూపు మేర గుడ్డలే.

త్రినాథ్ రొప్పుతూ గదికి వచ్చాడు. "కెప్టెన్ పిలుస్తున్నారు అంకుల్. వాళ్ళకు సర్దిచెప్పాలి. గుడ్డ సంగతి తెలిసింది మీకొక్కరికే."

"నాకేటీ తెల్దు బాబూ."

"ఇందాక మీరే కదా చెప్పారు."

"పదవయ్యా, తెలిసినోడివి తెల్దంటావేటి?" అంది బుల్లమ్మ. "నానూ వస్తాను. సీర నాది."

"నువ్వు గదిలోనే ఉండు."

ఆమె అప్పటికే నడవాలో ఉంది.

ఓడ అడుగు అంతస్తులో, నీటికి నడుమెత్తున ఒక ఇనుప తలుపు ఉంది. త్రినాథ్ దాన్ని తెరిచాడు. మిగతా పడవలు దూరంగానే ఆగిపోయాయి. ఒక్కటి మాత్రం తలుపు పక్కకు వచ్చి చేరింది. తెడ్డు పట్టుకుని నిలబడ్డవాడు ధనరాజు.

కూర్మయ్య టోపీ కళ్ళమీదికి లాగి, టీవీలో వార్తలు చదివేవాడిలా గొంతు మార్చాడు. "సోదరా, ఇక్కడ ఎవరికీ ఆపద లేదు. దయచేసి వెళ్ళిపోండి."

ధనరాజు కిందినుంచి పైదాకా చూశాడు. పొట్టి లాగు దగ్గర కాసేపు ఆగాడు.

"పెళ్ళి బోజనాలు బాగున్నాయా మావా?"

కూర్మయ్య నల్లద్దాలు తీసేశాడు. వెనక బుల్లమ్మ తప్పుకోలేదు సరికదా, ఇంకో అడుగు ముందుకేసింది.

"అత్త కూడానా," అన్నాడు ధనరాజు. అతని మొహంలో ఆదివారం కనిపించింది.

కూర్మయ్య తల దించుకున్నాడు. దించిన కళ్ళకు పడవ అడుగు కనిపించింది. వెనకవైపు ఒక మనిషి చొక్కా తొడుక్కుని, తలపాగా చుట్టుకుని, వల మీద ముడుచుకుని కూర్చుని ఉన్నాడు.

"ఎవుడ్రా ఆడు?"

"మా తమ్ముడు గోవిందు."

"గోవిందుకి మెట్టెలెప్పుడెట్టినార్రా?"

తలపాగా కింద మనిషి పాదాలు వల్లోకి లాక్కుంది. ఆలస్యమైపోయింది.

"ఒసే రాణీ, ఇలగ సూడు," అంది బుల్లమ్మ.

ధనరాజు పెళ్ళాం రాణి తలెత్తింది. "ఏటి సెయ్యమంటావత్తా. గోవిందు ఎచ్చెర్ల దగ్గర కట్టుబడి పన్లోకి ఎల్లిపోయినాడు. వల లాగడానికి మడిసి నేడు. ఎండాకాలం నుంచి నానే వస్తన్నాను."

"గంగమ్మకి కోపం రానేదా?" అన్నాడు కూర్మయ్య నెమ్మదిగా.

"వస్తే ఇన్ని సేపలిస్తాదా మావా?"

ధనరాజు తెడ్డు కిందపెట్టాడు. తరువాత దూరంగా ఉన్న పడవలకేసి తిరిగి గొంతెత్తాడు. "ఏటీ నేదు, ఎల్లండెల్లండి. ఎవరో ఊరుగాని ఊరోళ్ళు, గుడ్డలు ఆరేసుకున్నారంతే." గుడ్డలు ఒక్కొక్కటే దిగాయి. మోటార్లు వెనుదిరిగాయి.

"ఆదివారం పెద్దరికానికి నా పేరు ఎవుడు సెప్తాడు?" అన్నాడు కూర్మయ్య.

"నానే సెప్తాను మావా," అన్నాడు ధనరాజు.

త్రినాథ్ బతికిపోయానన్న సంతోషంతో పైనుంచి నాలుగు పళ్ళేల్లో భోజనం తెప్పించాడు. బుల్లమ్మ అందులో ఒకదాని మూత తీసి చూసి, మళ్ళీ పెట్టేసింది. రాణి అడక్కుండానే వలకింద నుంచి అల్యూమినియం గిన్నె తీసి అందించింది. అన్నం, కవ్వచేపలు వేసిన చింతపండు పులుసు. బుల్లమ్మ తలుపు గడప మీద కూర్చుని, కాళ్ళు నీళ్ళమీదికి వేలాడేసింది. పక్కన కూర్మయ్య. వాళ్ళకెదురుగా పడవ అంచున ధనరాజు, రాణి. గిన్నె అటూ ఇటూ తిరిగింది. నలుగురూ అందులోంచే తిన్నారు.

తిన్నంతసేపూ ఆ సముద్రం మీద ఆడమనుషులున్నట్టు మగవాళ్ళిద్దరూ గమనించలేదు.