ఈశాన్యంలో చిల్లు

రమణికి భర్త మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే. శ్రీరామమూర్తికి చెడు అలవాట్లు లేవు. తాగుడో పేకాటో ఉన్న మగవాడు ఏ సాయంత్రం ఎక్కడుంటాడో, ఏం పాడుచేసుకుని వస్తాడో ఇల్లాలు ముందే ఊహించుకుని సర్దుకోగలదు. ఏ అలవాటూ లేనివాడికి మాత్రం ఆదివారం భోజనం చేశాక ఆలోచనలు వస్తాయి. అలాంటి ఒక ఆదివారం, పెరుగన్నం తిని చేయి కడుక్కుంటూ ఆయన క్యాంపర్ వ్యాను కొనాలని నిశ్చయించాడు. నెల తిరక్కుండా కొన్నాడు కూడా.

ఆయన ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో డెలివరీ హెడ్. తెనాలి నుంచి నగరానికి వచ్చి పాతికేళ్లయింది. కరోనా పుణ్యమా అని ఆఫీసులు ఇళ్లలోకి వచ్చి కూర్చున్న రోజులవి. కంపెనీ మారినవాడికి జీతం రెట్టింపయ్యేది. మారనివాడు ఏదో ఒకటి కొని ఆ దుఃఖం తీర్చుకునేవాడు. మొయినాబాదు దాటాక కనకమామిడిలో వీళ్లకు కాస్త స్థలం ఉంది. గండిపేట మంచినీటి చెరువు పాడవకుండా పెట్టిన నూట పదకొండు జీవో వల్ల అక్కడ ఇష్టం వచ్చినట్టు ఇల్లు కట్టడానికి వీల్లేదు. ఆ జీవో ఎత్తేస్తారని స్థలం కొన్నవాళ్లూ తెలివైనవాళ్లే, ఎత్తెయ్యరని అమ్మినవాళ్లూ తెలివైనవాళ్లే. శ్రీరామమూర్తి ఇద్దరినీ మించిపోయాడు. చక్రాలున్నదాన్ని ఇల్లు అనరు కదా అన్నాడు.

ప్రణాళిక చాలా సరళమైనది. మణికొండ ఫ్లాటు అద్దెకిచ్చేసి, కనకమామిడిలో వ్యాను నిలిపి, అందులోనే కాపురం, అందులోనే ఆఫీసు. ఈ సంగతి ఆయన భార్యకు క్యాలెండరు ఆహ్వానం ద్వారా తెలియజేశాడు. ఆమె ‘రాను’ అని నొక్కింది. ఆహ్వానం సమయం మార్చుకుని మళ్లీ వచ్చింది.

రమణి కోరికలు పెద్దవి కావు. ఆమె వంటిల్లు ఆమెకుంటే చాలు. ఆ వంటింటి కోసం ఆమె బిల్డరుతోనూ, మేస్త్రీతోనూ, అత్తగారితోనూ విడివిడిగా పోరాడి గెలిచింది. దాని నల్లరాతి గట్టు మీద ఇరవైమందికి సరిపడా పులిహోర ఒకేసారి కలపవచ్చు. పొయ్యి ఆగ్నేయంలో కూర్చుంటుంది. దక్షిణపు గోడకు బిల్డరు తెలివితక్కువగా పెట్టిన కిటికీని, యముడి దిక్కుకి కన్నమేమిటని, పాలు పొంగించకముందే ఇటుకలతో మూయించేసింది. ఇక ఆమె పోపు సంగతి చుట్టుపక్కల అందరికీ తెలుసు. వేస్తే హాల్లో ఉన్నవాళ్లు కూడా దగ్గాల్సిందే.

వ్యాను వంటిల్లో? రెండు బుల్లి పొయ్యిలు, పూజలో చేతులు కడిగే పళ్లెమంత సింకు. వారం రోజులు ప్రయోగాత్మకంగా ఉందాం, పెద్ద సమస్యలేవీ రాకపోతే ఆదివారం అద్దెవాళ్లకి మాటిచ్చేద్దాం అన్నాడు ఆయన. సమస్య రావాలని ఆమె చేవెళ్ల వెంకన్నకు మొక్కుకుందని గిట్టనివాళ్లంటారు.

చదువుకున్న కుటుంబం కనక కాపురం పెట్టేముందు వ్యానుకు వాస్తు చూపించారు. వాహన నివాస వాస్తు నిపుణుడు ఉదయ్‌భాస్కర్ వచ్చాడు. పూర్వాశ్రమంలో ఆయన సాఫ్ట్‌వేర్ టెస్టరు. ఇతరుల పనిలో తప్పులు పట్టడం అప్పుడూ వృత్తే, ఇప్పుడూ వృత్తే, కాకపోతే ఇప్పుడు కాళ్లకు దండం పెడుతున్నారు. బండి మలుపు తిరిగినప్పుడు ఈశాన్యం ఎటు పోతుందండీ అని రమణి వినయంగా అడిగింది. బండి ముఖం ఎటున్నా తూర్పేనని, ఇంజను నడుస్తున్నంతసేపు వాస్తు వర్తించదని, ట్రాఫిక్ నిబంధనలు మాత్రమే వర్తిస్తాయని ఆయన సెలవిచ్చాడు. శ్రీరామమూర్తి ఈ జవాబును ఫోనులో రాసుకున్నాడు.

తరువాత నిపుణుడు బండి కిందికి దూరి, టార్చి వేసి మూలమూలా వెతికాడు. బయటికి వచ్చి, స్కానింగు రిపోర్టు చూసిన డాక్టరు గొంతుతో, “ఈశాన్యంలో చిల్లుంది,” అన్నాడు.

నిజమే. వాడిన నీళ్లు చేరే ట్యాంకు బండి అడుగున ఉంది. దాని పైభాగాన, ముందు ఎడమ మూల, బొటనవేలంత గొట్టం మూతి ఒకటి ఊరికే నోరు తెరుచుకుని ఉంది.

“చూడండి. ఇందులోంచి నీళ్లు పోవడం లేదు, నీళ్లు రావడం లేదు. అంటే కంటికి కనపడనిదేదో పోతోందన్నమాట,” అన్నాడు ఉదయ్‌భాస్కర్.

కంటికి కనపడకుండా పోయేది ఐశ్వర్యం కాక మరేమిటి? ఆ సాయంత్రమే శ్రీరామమూర్తి స్వహస్తాలతో ఎంసీల్ ముద్ద కలిపి, మంత్రయుక్తంగా ఆ చిల్లు పూడ్చి, పైన పసుపు రాసి బొట్టు పెట్టాడు. స్థలానికి కాపలా ఉండే యాదయ్య ఒక కొబ్బరికాయ కొట్టాడు.

మర్నాడు కాపురం మొదలైంది. ముద్దపప్పు, దోసకాయ పచ్చడి. గిన్నెలు కడగబోతే సింకు నిండింది. నిండి, అలాగే నిలబడింది. నీళ్లు కిందికి పోవడానికి బదులు అడుగునుంచి ఒక బుడగ వచ్చి ‘గ్లుక్’ మంది. కాసేపాగి ఇంకోటి.

రమణి తెనాలిలో బీయస్సీ ఫిజిక్సు చదివింది. కానీ ఆ చప్పుడు గుర్తుపట్టడానికి బీయస్సీ అక్కర్లేదు. ఒకే చిల్లు పెట్టిన కొత్త నూనె డబ్బా వంచితే వచ్చే చప్పుడది. ఆమె కళ్లు ఈశాన్యం వైపు వెళ్లాయి. చెప్పడానికి నోరు తెరిచింది. తెరిచినదల్లా మణికొండలోని నల్లరాతి గట్టు గుర్తొచ్చి మూసుకుంది. అడగని సలహా ఇవ్వవద్దని పెళ్లయిన కొత్తలో ఆయనే చెప్పాడు. పతివాక్యం ఆమె మరిచిపోలేదు.

శ్రీరామమూర్తి దీన్ని అత్యంత తీవ్రమైన సమస్యగా నమోదు చేశాడు. ఆయన కింద పనిచేసే కుర్రాళ్లు బెంగుళూరు నుంచి, పూనా నుంచి వీడియోలోకి వచ్చి సింకును నలువైపులనుంచి చూశారు. ఒకరు ఆపి మళ్లీ ఆన్ చెయ్యమన్నారు. ఆయన వ్యాను ఆపి మళ్లీ ఆన్ చేశాడు. సుదీర్ఘ చర్చ తరువాత లోపం యంత్రానిది కాదని, వాడకందారుదని తేలింది. వాడకందారు అంటే రమణి. ముద్దపప్పు, గంజి, కరివేపాకు, కోస్తా వంట అనే అలవాటు మొత్తం ముద్దాయిలుగా నిలబడ్డాయి. ఆనాటి నుంచి వ్యానులో పప్పు నిషేధం. దంపతులు ఓట్సు తిన్నారు. ఓట్సు సింకులో పడితే పప్పుకన్నా గట్టిగా పట్టుకుంటుందని ఎవరికీ తట్టలేదు.

ఆపైన చికిత్సలు. రబ్బరు పంపుతో నొక్కారు, సింకు తిరిగి ఆయన ముఖం మీద నొక్కింది. వంటసోడా, వెనిగరు పోశారు, నురగ పొంగి లాప్‌టాపు దాకా వచ్చింది. మొయినాబాదులో కార్లు కడిగేచోటి నుంచి గాలి యంత్రం తెప్పించి వదిలారు. సింకులోని కరివేపాకు లేచి వెళ్లి వ్యాను కప్పుకు అతుక్కుంది. ఇప్పటికీ అక్కడే ఉంది. చివరికి యాదయ్య బండి కింద పడుకుని సింకు గొట్టం మొదలంటా ఊడదీశాడు. నీళ్లు బక్కెట్లోకి ధారగా దూకాయి. గొట్టం కడిగి మళ్లీ ట్యాంకుకు బిగిస్తే ఆగిపోయాయి.

“ఇప్పితే దునుకుతున్నయ్, పెడ్తె ఆగుతున్నయ్. గాలి సోకినట్టున్నది సారు. నిమ్మకాయ కడుదమా?” అన్నాడు యాదయ్య.

గాలి సోకకపోవడమే జబ్బని రమణి అనలేదు. నిమ్మకాయ తెచ్చిచ్చింది. ఆమెకు వారం హాయిగా గడుస్తోంది. ఆదివారం అద్దెవాళ్లకి కుదరదని చెప్పేస్తే ఇంటికి వెళ్లి సుష్ఠుగా పప్పు వండుకోవచ్చు.

కానీ దేశంలో ఏ వైఫల్యాన్నీ సన్మానం చెయ్యకుండా వదిలిపెట్టరు. అక్కడి ఫార్మ్‌హౌస్ యజమానుల సంఘానికి రామేశ్వర్ అధ్యక్షుడు. చేవెళ్లలో మూడు తరాలుగా నూనెలు, పప్పులు టోకుగా అమ్మే కుటుంబం. వారం రోజులుగా ఒక నివాసం నుంచి చుక్క మురికినీరు బయటికి రాలేదన్న వార్త ఆయన చెవిన పడింది. ఆదివారం షామియానా వేశారు. వ్యానుకు బంతిపూల దండ వేశారు. ఉదయ్‌భాస్కర్ ముఖ్య అతిథి. రమణి పట్టుచీర కట్టుకుని, తెల్లారే మణికొండ వెళ్లి కలిపి తెచ్చిన పులిహోర గిన్నెతో మొదటి వరసలో కూర్చుంది.

రామేశ్వర్ మైకు అందుకున్నాడు. “గండిపేట నీళ్లు తాగినోళ్లందరు గీ బండికి దండం పెట్టాలె. వారం సంది ఒక్క చుక్క ఇడువలే. మన ఈతకొలనుల నీళ్లు, మన వంటిండ్ల నీళ్లు యాడికి పోతున్నయ్? వాగులకు. వాగు యాడికి పోతది? గా ముచ్చట ఇయ్యాల వద్దు,” అన్నాడు. సభ్యులు చప్పట్లు కొట్టారు. వాగు ఎక్కడికి పోతుందో వాళ్లకు తెలుసు. అందుకే అందరూ ఇంటినుంచి సీసా నీళ్లు తెచ్చుకున్నారు.

శ్రీరామమూర్తి శాలువా సర్దుకుని సమాధానమిచ్చాడు. “దీన్ని నేను సమస్య అనుకున్నాను. కాదు. ఇది ఈ బండి ప్రత్యేక సదుపాయం. మురికినీరు పోకపోవడమే దీని గొప్పతనం. మేం ఇక శాశ్వతంగా ఇందులోనే ఉండబోతున్నాం. మధ్యాహ్నం అద్దెవాళ్లు అడ్వాన్సు తెస్తున్నారు. గిన్నెలంటారా, యాదయ్య బోరు దగ్గర మా శ్రీమతి ఆరుబయట, ప్రకృతిలో...” మిగతాది చప్పట్లలో వినపడలేదు. వినపడనక్కర్లేదు కూడా.

రమణి పులిహోర గిన్నె కింద పెట్టింది. వారం రోజుల మౌనం తన వంటింటిని కాపాడలేదని ఆమెకు అర్థమైంది. ఇక కాపాడగలిగినది ఒక్క శాస్త్రమే. ఫిజిక్సు కాదు, రెండోది.

“అన్నయ్యగారూ, చిన్న సందేహం. మీరు నూనె డబ్బాకి ఎన్ని చిల్లులు పెడతారు?” అని రామేశ్వర్‌ని అడిగింది.

“గదేం సవాలు చెల్లె? రెండు.”

“రెండోదెందుకండీ?”

“గాలి లోపల్కి పోవాలె గద. ఒక్కటే పెడ్తె నూనె దిగుతదా?” అని నవ్వాడు రామేశ్వర్. నవ్వుతూ నవ్వుతూ వ్యాను వైపు చూశాడు. అక్కడ గాలి బయటికి పోవాలి, అంతే తేడా. నవ్వు ఆగింది. రోజూ రెండు చిల్లులు పెట్టే చేయి అది. పసుపు రాసిన చోట మాత్రం ఆ చేతికీ తోచలేదు.

రమణి కుచ్చిళ్లు పైకి దోపుకుని, వ్యానులోకి వెళ్లి వచ్చి, ఒక చేత్తో స్క్రూడ్రైవరు, ఒక చేత్తో నిషేధింపబడిన పప్పుగుత్తి పట్టుకుని బండి కిందికి దూరింది. “రమణీ, ఈశాన్యం!” అని శ్రీరామమూర్తి మైకులోనే అరిచాడు. లోపలినుంచి పప్పుగుత్తి దెబ్బలు వినిపించాయి. ఎంసీల్ ముద్ద పెళ్లుమని ఊడింది. బండి ఒక పెద్ద నిట్టూర్పు విడిచింది. పైన సింకులో వారంనాటి నీళ్లు, సోడా, ఓట్సు, అభిప్రాయ భేదాలు అన్నీ గటగటా దిగిపోయాయి.

ఆమె చీర దులుపుకుంటూ లేచి, చేతులు జోడించి నేరుగా ఉదయ్‌భాస్కర్ ముందు నిలబడింది. “పెద్దలు మీరే చెప్పాలండీ. చిల్లు తెరుచుకుంది. ఇప్పుడు ఇందులో కాపురం ఉండవచ్చా?”

ఉండవచ్చంటే శాస్త్రం పోతుంది. చిల్లు మళ్లీ మూయమంటే నూనె డబ్బా గుర్తున్న రామేశ్వర్ ఎదుటే ఉన్నాడు. ఉదయ్‌భాస్కర్ కళ్లు మూసుకుని తెరిచి, చిల్లు మూస్తే నీళ్లు నిలుస్తాయని, తెరిస్తే ఐశ్వర్యం నిలవదని, కనక ఈ వాహనం చూసుకోవడానికి మాత్రమే పనికొస్తుందని తీర్పు చెప్పాడు. శ్రీరామమూర్తి పక్కకు వెళ్లి అద్దెవాళ్లకి ఫోను చేశాడు. ఆయన ఎన్ని నష్టాలైనా భరిస్తాడు గానీ ఈశాన్య దోషం భరించలేడు. శాలువా మాత్రం తిరిగివ్వలేదు.

ఆ సాయంత్రం రమణి తన వంటింట్లో, తన గట్టు ముందు, తన పప్పుకు పోపు పెట్టింది. చదువుకున్న మొగుణ్ణి, టెస్టరు పండితుణ్ణి, టోకు వ్యాపారిని ఒక్క పూటలో గెలిచిన ఆడదానికి పోపు చిటపటలు చప్పట్లలా వినిపించడం సహజమే. చదువుతున్న మీరు కూడా ఆమె పక్షానే నవ్వుతూ ఉండి ఉంటారు. ఎండుమిరపకాయ మాడింది. పొగ లేచి, పోయే దారిలేక గది అంతా తిరిగి, మళ్లీ ఆమె దగ్గరికే వచ్చింది. ఆమె దగ్గింది. హాల్లో ఆయనా దగ్గాడు.

కళ్లు తుడుచుకుని చూస్తే ఎదురుగా దక్షిణపు గోడ. సున్నం వేసినా కిటికీ ఆకారం నాలుగు పక్కలా గీత గీసినట్టు కనపడుతూనే ఉంది. ఎనిమిదేళ్లుగా ఇల్లంతా దగ్గుతున్నది తన పోపు ఘనతకే అనుకుంది. గరిటె చేత్తో పట్టుకుని కాసేపు ఆ గీతను, కాసేపు గట్టు మీది నూనె డబ్బాను మార్చిమార్చి చూసింది. ఈ మాట లోలోపల అనుకుని ఊరుకోవచ్చు. ఎవరూ అడగలేదు కూడా.

“ఏమండీ,” అంది రమణి, హాల్లోకి వినపడేలా. “ఆ కిటికీ మూయించడం నాదే తప్పు.”