పొట్టు మింగే బల్ల

దుమ్ము మనిషికి మేలు చేస్తుంది. నవ్వకండి! ఇల్లు అద్దంలా మెరవాలని పొద్దస్తమానం చీపురు పట్టుకు తిరిగేవాళ్లు ఈ ముక్క ఒకటికి రెండుసార్లు చదవాలి. మా అక్కాబావలు ముప్పై నాలుగేళ్ల కాపురంలో మాట్లాడుకున్న మాటలన్నీ ఒక ఎత్తు, ఇంట్లోకి దుమ్ము వచ్చాక ఈ అయిదు నెలల్లో మాట్లాడుకున్నవి ఒక ఎత్తు. ఏ పెద్దమనుషులూ చేయలేని పని రంపపు పొట్టు చేసి పెట్టింది.

బావగారు లిఫ్టులు తనిఖీ చేసే ఉద్యోగం చేసి రిటైరయ్యారు. బతుకంతా పైకీ కిందికీ తిరిగిన మనిషి ఒక్కసారిగా సోఫాలో కూలబడితే ఎలా ఉంటుంది? రెండంతస్తుల మధ్య ఇరుక్కున్న లిఫ్టులా ఉంటుంది. మూడు వారాల పాటు కారని కుళాయిలు కూడా విప్పి బిగించారు. నాలుగో వారం విప్పడానికి ఏమీ మిగల్లేదు. అప్పుడు వెళ్లి టేబుల్ సా తెచ్చుకున్నారు. బల్ల మధ్యలోంచి గుండ్రటి రంపం పైకి లేచి గిర్రున తిరుగుతూ ఉంటుంది. చెక్కను ముందుకు నెడితే చాలు, వెన్నలా తెగుతుంది.

చెక్క వెన్నలాగే తెగింది. పొట్టు మాత్రం పిండిమరలో పిండిలా ఎగిరింది.

రంపం పెట్టింది వెనక గదిలో. పొట్టు పడింది ముందు గదిలో ఆరేసిన బట్టల మీద, ఫ్రిజ్ మీద, అక్క కళ్లజోడు మీద. మూత బిగించిన పంచదార సీసాలోకి ఎలా దూరిందో ముప్పై ఏళ్ల అనుభవమున్న ఇన్‌స్పెక్టరుకే అంతు చిక్కలేదు.

నష్టమేమిటండీ? వారం రోజులుండి పోదామని పెద్ద సంచితో దిగిన దూరపు చుట్టం ఒకాయన సాయంత్రానికల్లా తుమ్ముకుంటూ అదే సంచితో ఆటో ఎక్కాడు. ఫోన్ నంబరు రాసుకోవడానికి కాగితం వెతుక్కునే బాధ తప్పింది. ఫ్రిజ్ తలుపు మీద వేలితో రాసుకుంటే సరి. ఇంతకంటే సుఖం ఏ ఇంట్లో ఉంది?

అయితే ఒకరోజు అక్కకు ఊపిరి పట్టేసింది. మెట్ల మీద కూర్చుండిపోయింది. డాక్టరు గుండెల మీద గొట్టం పెట్టి విని, ఈవిడకు దుమ్ము పడదు, దూరంగా ఉంచండి అని తేల్చి చెప్పాడు. ఆ మాటతో బావగారి మొహం పాలిపోయింది. ఇంటికి రాగానే రంపం ప్లగ్గు పీకేశారు. రెండు రోజులు ఆ గది గడప తొక్కలేదు. మూడో రోజు పొద్దున అక్క మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

“ఒక్క నలుసు కూడా నీ దగ్గరికి రాకుండా చేస్తాను. నాకు కాస్త టైమివ్వు” అన్నారు.

“ఆ రంపమేదో తీసేస్తే సరిపోతుంది కదండీ” అంది అక్క.

“తీసేస్తే సమస్య పోతుందంతే. పరిష్కారం అవదు.”

చూశారా! ఇలాంటి మాట అనడానికి ఎంత చదువు కావాలి!

పరిష్కారం పేరు స్టాండు. రంపం కింద వాలుగా చెక్కలు బిగించిన పెట్టె ఉంటుంది. పొట్టంతా జారి ఒకే కన్నం దగ్గరికి చేరుతుంది. అక్కడి నుంచి ఒక గొట్టం. గొట్టం చివర మూత బిగించిన డబ్బా. డబ్బాలో గాలి సుడి తిరిగి, పొట్టు అడుగున పడిపోతుంది. గాలిని లాగడానికి వెనక ఒక వాక్యూమ్ క్లీనర్. కింద చక్రాలు. బావగారు పదకొండు బొమ్మలు గీశారు. పదకొండోది గోడకు అంటించారు.

చిక్కల్లా ఒక్కటే. స్టాండు చేయాలంటే చెక్కలు కొయ్యాలి. చెక్కలు కొయ్యాలంటే రంపం నడవాలి. అలా దుమ్మును ఆపడానికి రేగిన దుమ్ము, అసలు ఆపవలసిన దుమ్మును మించిపోయింది.

కోత ఉన్న రోజుల్లో అక్కను మా ఇంటికి పంపించేవారు. పూటకోసారి ఫోను. దగ్గు తగ్గిందా, మాత్ర వేసుకున్నావా, మధ్యాహ్నం పడుకున్నావా అని. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఇంటికి ఫోను చేస్తే ‘ఆలస్యమవుతుంది’ తప్ప రెండో మాట ఎరుగని మనిషి! అక్క ఫోను పెట్టేశాక కూడా కాసేపు దాని వైపే చూస్తూ కూర్చునేది. దుమ్ము వల్ల లాభాలు లేవని ఇప్పుడనండి.

అయిదో నెలలో స్టాండు తయారైంది. నన్నూ పిలిచారు. నేల మీద తెల్ల దుప్పటి పరిచి బావగారు ఒక చెక్క పలక కోశారు. రంపం ఆగాక అక్క వంగి దుప్పటి మీద వేలు రాసి చూసింది. వేలికి ఏమీ అంటలేదు. బావగారు ఆ వేలు పట్టుకుని వెలుతురులో తిప్పి చూశారు. నిజం చెప్పొద్దూ, నాకు కళ్లు చెమర్చాయి.

స్టాండు వెనక్కి వెళ్లి చూసినప్పుడు మాత్రం అక్క కాసేపు అక్కడే నిలబడిపోయింది. ఆ వాక్యూమ్ క్లీనర్ ఆవిడది. ఇల్లు శుభ్రం చేసుకోవడానికి ఉన్న ఒక్కగానొక్కటి. నాలుగు స్క్రూలతో లోపల బిగుసుకుని ఉంది. ఇల్లంతటిలో దుమ్ము లేని చోటు ఇప్పుడు రంపం కింద రెండడుగుల నేల.

తొమ్మిది రోజులకు డబ్బా నిండింది. ఆ సంగతి బావగారు హాల్లోకి వచ్చి ప్రకటించారు. అక్క పేపర్లోంచి తల ఎత్తకుండా అలాగా అంది. మర్నాడు మళ్లీ ప్రకటించారు. మళ్లీ అలాగా అంది. మూడో రోజు నేను వెళ్లేసరికి రంపం ఆగిపోయి, బావగారు సోఫాకెక్కి ఉన్నారు.

“డబ్బా నిండిందని చెప్పానా?” అన్నారు చివరికి.

అక్క పేపరు మడిచి పక్కన పెట్టింది. “చెప్పారు. ఒకటడుగుతాను. ఇన్నేళ్లూ ఈ ఇంట్లో పడిన దుమ్మంతా ఎక్కడికి పోయిందనుకున్నారు?”

దానికి బావగారి దగ్గర బొమ్మ లేదు.

ఇంతసేపూ నేను దుమ్మును పొగిడానని అనుకుంటున్నారేమో. చెక్క కోస్తే లేచిన దుమ్ముకు అయిదు నెలల్లో యంత్రం పుట్టింది. అక్క రోజూ ఎత్తిపోసిన దుమ్ముకు ముప్పై నాలుగేళ్లలో పుట్టలేదు. కారణం ఏమీ లేదు, అది ఆయన కంట్లో పడలేదు, అంతే.

బావగారు లేచి, మొహానికి తువ్వాలు చుట్టుకుని, తొమ్మిది రోజుల పొట్టుతో డబ్బాను తానే ఎత్తుకొచ్చారు. అక్కను వరండాలోకి వెళ్లి కూర్చోమన్నారు. హాలు మధ్యకు రాగానే మూత ఊడింది. పొట్టు మోకాళ్లెత్తున లేచి, తీరిగ్గా నేల మీదా సోఫా మీదా సర్దుకుంది.

“చీపురెక్కడుంటుంది?” అని అడిగారు.

“తలుపు వెనక” అంది అక్క వరండాలోంచి.

“ఏ తలుపు?”

నేను పగలబడి నవ్వబోయి ఆగిపోయాను. మా ఇంట్లో ఏ తలుపో నాకూ తెలియదు.