వేడెక్కేదాకా ఆపకూడని బండి

ఆ శనివారం ఉదయం ఎలిసెయో మాస్టారు పెట్టుకున్న పనులు మూడే. కారులో ఆయిల్ చూసుకోవడం, పెట్రోల్ ట్యాంకులో కొలతగా మరికాస్త ఆయిల్ కలపడం, పది గంటలకల్లా కొండ అవతల మెకానిక్ మోంచో ఇంటి కిటికీ కింద బండి నిలబెట్టి ఇంజన్ ఒక్కసారి గట్టిగా మోగించడం. తొందరంతా మూడోదానికే. మోంచోకి ఇంక ఎన్నో రోజులు లేవని డాక్టరు చెప్పి అప్పటికి నాలుగు రోజులైంది.

ఆ ఇంజన్ మోంచో తన చేతులతో మూడుసార్లు విప్పి మూడుసార్లు కట్టినది. అందులో పిస్టన్లుండవు, రెండు గదుల్లో రెండు ముక్కోణపు ఇనప దిమ్మలు గిరగిరా తిరుగుతుంటాయి. పెట్రోల్ తాగుతుంది, ఆయిల్ తాగుతుంది, పొగ వదులుతుంది, అలుగుతుంది. అయినా పోర్టోరికో కొండల్లో అలాంటి బండి ఉన్న మనిషిని పెట్రోల్ బంకు దగ్గర పేరు పెట్టి పిలుస్తారు. నిజానికి బండి మాస్టారిది కాదు, ఆయన భార్య మిగ్దాలియాది. పోస్టాఫీసు ఉద్యోగం చేస్తూ ఎనభై ఏడులో ఆవిడే కొనుక్కుంది, ఆవిడే నడిపింది. మాస్టారు పక్క సీట్లో కూర్చుని భూగోళం పరీక్ష పేపర్లు దిద్దుకునేవారు. పద్నాలుగు నెలల కిందట ఆవిడ పోయాక ఆయనకి మిగిలినవి ఆ ఎర్రకారూ, దాన్ని ఎలా చూసుకోవాలో ఆవిడ రాసిపెట్టిన నోట్‌బుక్కూ. మొదటి పేజీలో ఒకటే మాట, కింద రెండు గీతలతో: “చల్లగా ఉన్న ఇంజన్ స్టార్ట్ చేశావంటే, వేడెక్కేదాకా చచ్చినా ఆపకు.” ఆపితే లోపల పెట్రోల్ నిలిచిపోతుంది, ప్లగ్గులు తడిసిపోతాయి, ఇక అది ఎవరి మాటా వినదు.

గురువారం చూడ్డానికి వెళ్ళినప్పుడు మోంచో మంచం మీదనుంచే చెప్పాడు. “ఇంక మందులొద్దు మాస్టరూ. దాన్ని తీసుకొచ్చి ఈ కిటికీ కింద ఒక్కసారి మోగించు. నేను చేసిన పని విని పోతాను.”

“ఎప్పుడు తెమ్మంటావు?”

“శనివారం. శనివారందాకా ఉంటానని నేను మాటిస్తున్నా. వస్తానని నువ్వూ మాటియ్యి.”

మాస్టారు మాటిచ్చారు.

ఎనిమిదిన్నరకి ఆయిల్ పని అయింది. షెడ్డు బయట నిలబెట్టిన బండిని మాస్టారు మెత్తటి గుడ్డతో తుడుస్తుంటే పక్కింటి మెట్ల మీదనుంచి నెరేయిదా కేకేసింది.

“మాస్టారూ! వరండా కడుగుతున్నా. సబ్బు నీళ్ళు మీ ఎర్రపిల్ల మీద పడతాయేమో, ఓ రెండు గజాలు లోపలికి జరుపుకోరూ?”

“అయ్యో, దానికేం భాగ్యం!” అని మాస్టారు బండెక్కి, స్టార్ట్ చేసి, రెండు గజాలు వెనక్కి షెడ్డులోకి తోలారు. నెరేయిదా తాడు మీద తెల్ల దుప్పట్లు ఆరేసి ఉన్నాయి. పాపం, వాటికి పొగ పడుతుందని వెంటనే ఇంజన్ ఆపేశారు. నలభై ఏళ్ళు పాఠాలు చెప్పిన మనిషికి మర్యాదే ముందు తోస్తుంది, బుద్ధి తర్వాత. తాళం మీదనుంచి వేళ్ళు తీశాక గానీ మిగ్దాలియా గీసిన ఆ రెండు గీతలు కళ్ళ ముందుకి రాలేదు.

మళ్ళీ తాళం తిప్పారు. ఇంజన్ మూలిగింది తప్ప పలకలేదు.

నోట్‌బుక్కులో ఆరో పేజీ ఇలాంటి పాపానికే: “పెట్రోల్ పంపు ఫ్యూజు పీకు. యాక్సిలరేటర్ నేలకంటా తొక్కు. తాళం తిప్పుతూ ఉండు. తిట్టకు.” మాస్టారు సబ్బు నీళ్ళు లోపలికి చిమ్మకుండా షెడ్డు గేటు మూసి, లోపలినుంచి తాళం వేసి, టార్పాలిన్ దించారు. ఆ మూలుగు చెవిలో పోటుపెడుతుంటే చెవి మెషీన్ తీసి చొక్కా జేబులో వేసుకున్నారు. పావుగంట తిప్పగా తిప్పగా ఇంజన్ ఒక్క దగ్గు దగ్గి, షెడ్డు నిండా తెల్లటి పొగ వదిలి ఊరుకుంది. దాంతోపాటు బ్యాటరీ కూడా ప్రాణం విడిచింది. టార్పాలిన్‌కి ఒక పక్క చిరుగుండబట్టి గాలి వచ్చి పొగని పట్టుకుపోయింది, అదొక్కటీ నయం. మాస్టారు స్టీరింగ్ మీద తల ఆనించి కళ్ళు మూసుకున్నారు. నువ్వు చెప్పావు, నేను వినలేదు, అని లోపల్లోపల అనుకున్నారు. అలా ఎంతసేపున్నారో ఆయనకే తెలియదు.

తర్వాత తెలిసిందేమంటే, సరిగ్గా అప్పుడే నెరేయిదా చీపురుతో టార్పాలిన్ అంచు ఎత్తి చూసింది. మూసిన షెడ్డు, పొగ, స్టీరింగ్ మీద వాలిన తల. “మాస్టారూ!” అని మూడుసార్లు పిలిచింది. ఉలుకూ పలుకూ లేదు. భార్య వాడిన కాఫీ కప్పులన్నీ మొన్న ఆదివారమే ఆయన తనకి ఇచ్చేసి ఉన్నారు. ఎందుకిచ్చారో ఇప్పుడర్థమైందనుకుంది. ముందు అంబులెన్స్‌కి ఫోన్ చేసింది. వర్షాలకి రోడ్డు జారిపోయింది, గంట పడుతుందన్నారు. గంట తర్వాత అంబులెన్స్ దేనికిలే అని, ఏడుస్తూ మేనల్లుడు చాగోకి ఫోన్ చేసింది.

చాగో కారు టాపు మీద నాలుగు లౌడ్‌స్పీకర్లుంటాయి. అరటికాయలు వచ్చినా, తంబోలా ఆట ఉన్నా, మనిషి పోయినా, ఆ పేటల్లో అతను వీధివీధీ తిరిగి చెబితేనే లెక్క. చావు కబురు చల్లగా చెప్పాలంటారు పెద్దలు. చాగోకి వేడివేడిగా చెప్పడమే చేతనవును.

ఇదేమీ తెలియని మాస్టారు కళ్ళు తుడుచుకుని లేచి, నాలుగు ప్లగ్గులూ విప్పి, లోపలి తలుపు గుండా వంటింట్లోకి వెళ్ళారు. ఏడో పేజీ: “ప్లగ్గులు పెనం మీద వేయించి వేడిగా బిగించు. నా మంచి పెనం జోలికి మాత్రం రాకు.” ఆయన చొట్టపెనమే తీసుకుని, సన్నటి సెగ మీద పెట్టి, ప్లగ్గుల్ని ఒక్కొక్కటే దొర్లిస్తూ నిలబడ్డారు. తడి ఆరాలంటే నిదానం కావాలి. గడియారం చూస్తే తొమ్మిదీ నలభై.

పెరటి గుమ్మంలో ఎవరో నీడలా కదిలారు. భారీ మనిషి, బనియన్ మీద ముక్కోణపు దిమ్మ బొమ్మ, చంకలో జున్ను గడ్డ, చేతిలో ఉప్పు బిస్కెట్ల డబ్బా. పెదవులు కదులుతున్నాయి. మాస్టారు చెవి మెషీన్ తీసి పెట్టుకున్నారు.

“...గ్లాసులెక్కడున్నాయి పెద్దాయనా? బయట కాఫీకి చాలట్లేదు.”

జున్ను, ఉప్పు బిస్కెట్లు, కాఫీ. ఆ కొండల్లో ఈ మూడూ కలిసి ఒక ఇంటికొచ్చాయంటే అర్థం ఒక్కటే, చావు.  మోంచో పోయాడన్నమాట, అతను కట్టిన బండి ఇక్కడుందని వీళ్ళు ఇక్కడికొచ్చారు. శనివారందాకా ఉంటానన్నాడు, ఉన్నాడు. రాలేకపోయింది తనే.

“ఎప్పుడు?” అన్నారు.

“తొమ్మిదింటికట. ఇలాంటి బళ్ళున్నవాళ్ళ క్లబ్బు మాది, కబురు తెలియగానే బళ్ళేసుకుని బయల్దేరాం. బంగారంలాంటి ఇంజన్ అంటగా.”

“బంగారమే,” అన్నారు మాస్టారు. “బాధపడ్డాడా?”

“లేదట. స్టీరింగ్ మీద తల పెట్టుకుని నిద్రపోయినట్టే పోయాడట.”

“స్టీరింగ్ మీదా? మంచం దిగలేని మనిషి స్టీరింగ్ దగ్గరికెలా వెళ్ళాడు?”

“అదేమో నాకు తెలీదు. పెళ్ళాం మీద బెంగ పెట్టుకున్నాడట పాపం. రిటైరైన మాస్టారంట.”

 మాస్టారు పొయ్యి ఆపి, పెనం పట్టుకుని, ముందు గుమ్మంలోకి నడిచారు.

వాకిట్లో ముప్పై నలభై మంది ఉన్నారు. నెరేయిదా జపమాల తిప్పుతూ ప్రార్థన చెబుతోంది, మిగతావాళ్ళు అందుకుంటున్నారు. కొత్తగా వచ్చిన కుర్ర ఫాదర్ షెడ్డు గేటు తాళంతో కుస్తీ పడుతున్నాడు. ముందు ఎవరు చూశారో గానీ ప్రార్థన సగంలో తెగిపోయింది. ఒక ముసలాయన టోపీ తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. నెరేయిదా జపమాల జారవిడిచి, పెనం వైపోసారి, మాస్టారి మొహం వైపోసారి చూసింది.

“ఇదేం పని మాస్టారూ! ఊరంతటినీ పిలిచాక లేచొస్తారా?”

“నేను పోలేదు నెరేయిదా, ప్లగ్గులు వేయిస్తున్నాను.”

“మరి మూడుసార్లు పిలిస్తే పలకరేం? నేనెంత ఏడ్చానో తెలుసా?”

“క్షమించమ్మా. మెషీన్ తీసి జేబులో పెట్టాను.”

ఎవరో నవ్వారు. ఇంకెవరో మాస్టారి భుజం నొక్కి చూసి, “వెచ్చగానే ఉన్నాడ్రోయ్” అన్నారు. సరిగ్గా అప్పుడే కొండ అవతలనుంచి గాలిలో తేలుతూ చాగో గొంతు వినిపించింది. “...మనందరికీ ఆత్మీయులు, మిగ్దాలియాగారి భర్త, ఎలిసెయో మాస్టారు ఈ ఉదయం...”

 కొండ అవతలి రోడ్డు మోంచో కిటికీ కిందినుంచే పోతుంది. ఎర్రకారు చప్పుడు కోసం చెవులు రిక్కించుకుని ఉన్న మనిషి ఇప్పుడు వింటున్నది అదే.

“చాగోకి ఫోన్ చెయ్యండి! ఆపమనండి!”

“చేస్తూనే ఉన్నా,” అంది నెరేయిదా. “ఆ గోలలో వాడికి ఫోనేం వినబడుతుంది?”

“అయితే నన్నెవరైనా తీసుకెళ్ళండి. ఇంక నేను రానని అనుకునే పోతాడు.”

క్లబ్బు మనిషి తాళాలు తీశాడు గానీ అతని బండికి అడ్డంగా పన్నెండు బళ్ళున్నాయి, సంతాపానికి వచ్చినవి. ఒక్కోదాన్ని వెనక్కి తీసేసరికి కింది మలుపులో హారన్ మోగింది. మోంచో కూతురు గ్లోరిమార్ పాత పికప్ ఎక్కి వస్తోంది. వెనక తొట్టిలో వంటింటి కుర్చీ, కుర్చీలో దుప్పటి కప్పుకుని మోంచో, పక్కన నిలబెట్టిన చీపురు కర్రకి వేలాడుతూ సెలైన్ సీసా.

“తొమ్మిది రోజులుగా తల ఎత్తలేదు,” అంది గ్లోరిమార్ దిగుతూ. ఆమె ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. “చాగో మైకు వినగానే చెప్పులేవే అన్నాడు.”

మోంచో మాస్టార్ని పైనుంచి కింది దాకా చూశాడు. గొంతు గాలిలా ఉంది, తిట్టు మాత్రం గట్టిగానే ఉంది. “వరసలో ముందున్నది నేను. మధ్యలో దూరడానికి నీకు సిగ్గు లేదటయ్యా?”

“నేను పోలేదు మోంచో.”

“కనబడుతూనే ఉంది. ఏడుద్దామని ఇంతదూరం వస్తే నీ చేతిలో పెనమేమిటి?” అని, పెనంలోకి చూసి ఆగిపోయాడు. “చల్లగా ఉండగా ఆపావా?”

మాస్టారు పెనం వెనక్కి దాచుకోబోయారు.

“మొదటి పేజీలో రాసింది కదయ్యా ఆ మహాతల్లి!”

“దుప్పట్లు ఆరేసి ఉన్నాయి...”

“దుప్పట్లు!” మోంచో కళ్ళు మూసుకుని ఊపిరి తీసుకున్నాడు. “సరే. ఒక్కో గదిలో చెంచాడు ఆయిల్ పొయ్యి. ప్లగ్గులు వేడి మీదే బిగించు. పీకిన ఫ్యూజు పెట్టడం మర్చిపోకు. ఏమయ్యా, శవం మొయ్యడానికి వచ్చినవాళ్ళెవరు? మీరే, మీ ఆరుగురే. శవం లేదు, బండి తొయ్యండి.”

మాస్టారు ఆయిల్ పోసి, ప్లగ్గులు బిగించి, ఫ్యూజు పెట్టి బండెక్కారు. నల్ల చొక్కాల వాళ్ళు ఆరుగురు వెనక్కి చేరారు. వాళ్ళకి ఫాదర్ ఏడోవాడు. ఎర్రకారు గేటు దాటి కొండవాలు మీద జారింది. “రెండో గేరు! ఇప్పుడు క్లచ్ వదులు!” అని మోంచో కుర్చీలోంచి చెయ్యెత్తాడు. బండి ఒక్క కుదుపు కుదిపింది, దగ్గింది, మళ్ళీ దగ్గింది. అంతలో మలుపంతా తెల్లటి పొగ కమ్మేసింది. ఫాదర్ కనిపించలేదు, నెరేయిదా దుప్పట్లు కనిపించలేదు. పొగలోంచి చప్పుడొకటి మొదలైంది. ఎవరో ఖాళీ డబ్బా మీద అరచేత్తో తాళం తప్పి తప్పి వేస్తున్నట్టు, తర్వాత తాళం దొరికినట్టు.

మాస్టారు బండిని పికప్ పక్కకి తెచ్చి నిలబెట్టారు. మోంచో ఒక్కసారి వేలెత్తాడు. ఆయన యాక్సిలరేటర్ తొక్కారు. కొండ ఆ మోత మింగి తిరిగి పంపింది. 

“వెనక గది కొంచెం నీరసంగా ఉంది,” అన్నాడు మోంచో చివరికి. “ఎండాకాలం దాకా లాగుతుంది. నన్ను మించిపోయింది.”

“ఆపనా?”

“ఆపావంటే చంపుతాను. వేడెక్కనీ.”

ఇరవై నిమిషాలు ఇంజన్ అలా మోగుతూనే ఉంది. మోంచో ఉప్పు బిస్కెట్ మీద జున్ను పెట్టించుకుని కొంచెం కొరికాడు. తొమ్మిది రోజుల్లో అతను నోట పెట్టిన మొదటి తిండి అదేనని గ్లోరిమార్ తర్వాత చెప్పింది. ఈలోగా అంబులెన్స్ వచ్చింది. సెలైన్‌తో కుర్చీలో ఉన్న మనిషిని చూసి వాళ్ళు అతన్నే ఎత్తబోతే, “నేను కాదు, పోయినవాడు అదుగో, కారు తుడుస్తున్నాడు” అని మోంచో మాస్టార్ని చూపించాడు.

మోంచో మంగళవారం తెల్లవారుజామున పోయాడు. చాగో కబురు చెబుతూ పేటలన్నీ తిరిగితే ఒక్కరూ నమ్మలేదు. “నువ్వు చూశావా?” అని కిటికీల్లోంచి అడిగి తలుపులేసుకున్నారు. నిజమేనా అని మాస్టారికి నలభై ఫోన్లు వచ్చాయి. నలభై సార్లూ ఆయనే చెప్పవలసి వచ్చింది.

బుధవారం చర్చిలో ప్రార్థన అయింది. శ్మశానం చర్చి వెనకే, యాభై అడుగులు. మోంచో పెట్టెని అక్కడిదాకా ఎర్రకారు వెంటే నడిపించాలని క్లబ్బువాళ్ళు తీర్మానించారు. మాస్టారు స్టార్ట్ చేసి, యాభై అడుగులూ నడిపి, గోతి పక్కన నిలబెట్టారు. కుర్ర ఫాదర్ పుస్తకం తెరిచి, ఒక వాక్యం చదివి, తన గొంతు తనకే వినపడక ఆగాడు. కారు కిటికీ దగ్గరికి వంగి, “మాస్టారూ, ఆ ఇంజన్ కొంచెం ఆపుతారా?” అని మెల్లగా అడిగాడు.

మాస్టారు గడియారం చూసుకున్నారు.

“మూడు నిమిషాలే అయింది ఫాదర్. ఇప్పుడు ఆపితే, పాపం, అతను మళ్ళీ లేచి రావాలి.”