పెసర బరువు

సోమవారం ఉదయం లక్ష్మీపతి పెట్టుకున్న పని చిన్నదే. చిలుకను తూచాలి, ఆ అంకె కూతురికి మెసేజ్ చేయాలి, ఆపైన కాఫీ తాగాలి. ప్లెయిన్స్‌బరో అపార్ట్‌మెంట్‌లో తండ్రీకూతుళ్లిద్దరే ఉంటారు. హంసిక ఒక కాన్ఫరెన్స్‌లో ప్రజెంటేషన్ ఇవ్వడానికి ముందురోజే విమానంలో శాంటా క్లారా వెళ్లింది. వెళ్తూ తన చిలుక పిల్లను ఆయనకు అప్పగించింది. దాని పేరు పెసర, వయసు నాలుగు నెలలు.

జాగ్రత్తలన్నీ కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించింది. అవకాడో, చాక్లెట్ దాని దరిదాపులకు రాకూడదు. నాన్‌స్టిక్ పెనం వాడకూడదు, మాడితే ఆ పొగకే పిట్ట ప్రాణం పోతుంది. రోజూ తిండి పెట్టకముందే, అది పగలంతా కూర్చునే చెక్క స్టాండుతో సహా కిచెన్ స్కేల్ మీద తూచి, స్టాండు బరువు 212 గ్రాములు తీసేయాలి. చిలుకలు జబ్బును చివరిదాకా దాచుకుంటాయి, బరువొక్కటే బయటపెడుతుంది. పదో వంతు తగ్గితే వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

ముప్పై ఒక్క ఏళ్లు ఫార్మా కంపెనీలో మాత్రల బరువు తనిఖీ చేసి రిటైరైన మనిషికి ఇదేమంత పని? సోమవారం 68 గ్రాములు వచ్చింది. మంగళవారం 66. గురువారం ప్రజెంటేషన్ పెట్టుకున్న పిల్లను కంగారుపెట్టడం ఎందుకని మెసేజ్‌లో మాత్రం 68 అనే పెట్టాడు. బుధవారం 63. అప్పుడూ 68 అనే పెట్టాడు.

పెసర మాత్రం పెట్టిందల్లా తింటోంది, ఇల్లెగిరిపోయేలా అరుస్తోంది. జబ్బు దాచుకోవడమంటే ఇదేనేమో అనుకున్నాడాయన. అగరుబత్తి మానేశాడు, పెనం అటక మీద పడేశాడు, రెండు పూటలా బ్రెడ్డే తిన్నాడు. తిండి గింజలు రెట్టింపు చేశాడు. స్టాండు కింద రాలిన పొట్టు కూడా గంటకోసారి ఎత్తిపోశాడు.

గురువారం 61.

బోనును టవల్‌తో కప్పి, స్కేలూ స్టాండూ కూడా కార్లో వేసుకుని బయల్దేరుతుంటే కింది ఫ్లాట్ రేణు ఎదురై, అంత హడావిడిగా ఎక్కడికని అడిగింది.

“బరువు తగ్గిపోతోందమ్మా. నాలుగు రోజుల్లో పదో వంతు పోయింది. హాస్పిటల్‌కి వెళ్తున్నా.”

“అయ్యో, సరిగ్గా తినడం లేదా అంకుల్?”

“తిండికేం లోటు లేదు. అదే నా భయం. హంసికకి మాత్రం చెప్పకు.”

కారు గేటు దాటకముందే రేణు హంసికకు ఫోన్ చేసింది. హంసిక వెంటనే తండ్రికి చేసింది. తెర మీద కూతురి పేరు చూసి, అబద్ధం బయటపడిందనుకుని ఆయన ఫోన్ ఎత్తలేదు. ఆరుసార్లు మోగి ఆగిపోయింది.

పక్షుల డాక్టరమ్మ పెసరను ఒక గిన్నెలో కూర్చోబెట్టి తూచింది. 70 గ్రాములు. లక్ష్మీపతి ఒప్పుకోలేదు, తన లెక్కంతా మొదట్నుంచీ చెప్పాడు. ఆవిడ ఓపికగా విని ఆ స్టాండును ఒక్కదాన్నే స్కేల్ మీద పెట్టింది. 212 కాదు, 203 వచ్చింది. నాలుగు రోజులుగా పెసర స్టాండును కొరికి పొట్టు చేస్తోంది. ఈ వయసులో అది ఆరోగ్యానికి గుర్తేనని, గింజలు మాత్రం కాస్త తగ్గించమని ఆవిడ చెప్పింది.

ఖాళీ పాత్రను తూచకుండా సరుకు తూచినందుకు తాను ఒకప్పుడు ఇద్దరికి మెమోలిచ్చిన సంగతి గుర్తొచ్చి ఆయన తలెత్తలేకపోయాడు. బయటికొచ్చి, జరిగిందంతా చెప్పేద్దామని కూతురికి ఫోన్ చేశాడు. స్విచ్ ఆఫ్. ప్రజెంటేషన్‌లో ఉందన్నమాట అనుకుని తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు.

సాయంత్రం ఏడున్నరకు తలుపు తెరుచుకుంది. సూట్‌కేస్‌తో హంసిక. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచి ఉన్నాయి.

“డాడీ, నిజం చెప్పు. ఎన్ని పౌండ్స్ తగ్గావ్?”

“నేనా? నేనెక్కడ తగ్గానమ్మా? తగ్గింది పెసర.” వెంటనే సరిదిద్దుకున్నాడు. “అదీ తగ్గలేదు.”

ఆయన చెప్పుకొచ్చిందంతా హంసిక సోఫాలో కూలబడి విన్నది. ప్రజెంటేషన్ ఏమైందని అడిగే ధైర్యం ఆయనకు లేకపోయింది. ఆమె లేచి వచ్చి ఆయన భుజం మీద తల పెట్టుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో ఆయనకు అర్థం కాలేదు.

మరునాడు హంసిక ఆఫీసు వాళ్ల నుంచి పెద్ద పూలగుత్తి వచ్చింది, మిస్టర్ లక్ష్మీపతి త్వరగా కోలుకోవాలని కార్డుతో సహా. మర్యాద తప్పకూడదని ఆయన వాళ్లకు థాంక్స్ చెబుతూ, ప్రస్తుతం బరువు నిలకడగా ఉందని జవాబు రాశాడు.