నల్లగుండ్లపల్లెకు చరిత్ర మంజూరైంది

నల్లగుండ్లపల్లె చరిత్రను మంత్రిగారు సోమవారం ఉదయం పది గంటలకు ఆవిష్కరిస్తారని మైకులో చెప్పారు. ఏర్పేడు రోడ్డు పక్కన ఉన్న ఆ పల్లె పేరు ఇప్పుడు లేక్‌వ్యూ నగర్. ఇంత గొప్ప ఊరికి ఇన్నాళ్లూ చరిత్ర లేకపోవడం మంత్రిగారిని కలచివేసిందట.

ఆ మాట విని, చరిత్రలో క్వారీ పేరు ఉండకపోదని మునిరామయ్యకు ప్రాణం లేచి వచ్చింది. ఇరవై రెండేళ్లు అక్కడి క్వారీలో రాయి కొట్టి, ఊపిరితిత్తుల నిండా దుమ్ము నింపుకున్న మనిషి. దుమ్ము జబ్బు పింఛను కోసం మూడేళ్లుగా తిరుగుతున్నాడు. మందులకు అమ్మి అమ్మి ఇంట్లో మేకలు కూడా అయిపోయాయి.

పింఛన్ల ఆఫీసరు మంచివాడు. ప్రతిసారీ కూర్చోబెట్టే లేదనేవాడు.

"ఈ ఊర్లో క్వారీ ఉన్నట్టు రికార్డు లేదప్పా."

"మరి ఆ గుంత యాడ్నించి వచ్చింది సార్?"

"అది గుంత కాదు. ప్రకృతిసిద్ధమైన సరస్సు. లేఅవుట్ అప్రూవల్‌లో అట్లనే ఉండాది."

"నూటయాభై అడుగులు మేమే తొవ్వినాం సార్."

"గట్టిగా అనబాక. ఇండ్లు కొన్నోళ్లు భయపడతారు. సోమవారం మంత్రిగారికే ఇచ్చుకో అర్జీ."

సోమవారం మునిరామయ్య, ఇంకో అయిదుగురు పాత పనివాళ్లు ఉతికిన పంచెలు కట్టుకుని, తొమ్మిదికల్లా చరిత్ర చెక్కిన శిలాఫలకం ముందు వరసగా నిలబడ్డారు. ఒకరి దగ్గు ఆగితే ఇంకొకరిది మొదలవుతోంది. తెర వెనక ఫలకం మీద మాత్రం సరస్సు ఒడ్డున తపస్సు చేసిన మునుల గురించి పదకొండు పంక్తులు ఉన్నాయి.

పదికి రావలసిన కాన్వాయ్ ఒంటిగంటకు మలుపు తిరిగి సైరన్ మోగించింది.

క్వారీలో సైరన్ మోగిందంటే బండలో పెట్టిన మందు పేలబోతోందని. ఎక్కడివాడు అక్కడే బోర్లా పడి, రెండు చేతులూ తలమీద కప్పుకోవాలి. పడటం ఆలస్యమైనవాళ్లలో మునిరామయ్య తమ్ముడు ఒకడు. అందుకే ఆరుగురూ ఒక్కసారిగా నేలకు కరుచుకున్నారు.

మంత్రిగారు కారు దిగి చూశారు. కళ్లు చెమర్చాయి. "ఈ సాష్టాంగాలు నాకెందుకు సామీ, నేను మీ బిడ్డను" అంటూ, ఫోటోగ్రాఫర్ల పని అయ్యేవరకూ వాళ్లను లేవనివ్వలేదు. లేచేసరికి మునిరామయ్య చేతిలోని అర్జీ నలిగి మట్టికొట్టుకుపోయింది. ఆఫీసరే దాన్ని భద్రంగా తీసుకున్నాడు.

మర్నాడు మునిరామయ్య ఆఫీసుకు పోతే కుర్చీ వేశారు.

"నీ అర్జీ పరిష్కారమైపోయిందప్పా."

"పింఛను వచ్చినట్టేనా సార్?"

"పింఛను కాదు, పరిష్కారం. అర్జీదారులు పూర్తి సంతృప్తితో మంత్రిగారికి సాష్టాంగపడినారని రాసి, పేపర్లో పడిన ఫోటో జత చేసినాం. ఇంక ఫైలు తెరిచేదానికి లేదు."

మునిరామయ్య ఫోటో చూశాడు. ఎడమ నుంచి మూడోవాడు తనే. దగ్గు ఆగేదాకా ఆగి, నెమ్మదిగా చెప్పాడు.

"మేము ఆయనకు మొక్కలేదు సార్. సైరన్‌కు పడినాం. క్వారీలో అదే రూలు."

ఆఫీసరు కళ్లజోడు సర్దుకుని అడిగాడు.

"ఏ క్వారీ?"