ఆవ కమిటీకి వెళ్ళిన జాడీ

ఆవకాయలోని ‘ఆవ’ అనే రెండక్షరాల పేరు ఎక్కడ పుట్టిందో తేల్చి ప్రపంచానికి చాటుతామని మంత్రి బుల్లిరాజు గారు టీవీలో ప్రకటిస్తున్న వేళకి, కొవ్వూరులో సీతారామలక్ష్మి గారు తన అత్తగారి జాడీని గోనెసంచిలో సర్దుతున్నారు. చుట్టూ ఎండుగడ్డి, మూతికి వాసెన గుడ్డ, పక్కన పొడి గరిటె. లోపల ఆ ఉదయమే కలిపిన ఏడాది ఆవకాయ.

అది తేల్చడానికి మంత్రిగారు వేసిన కమిటీకి ఆధారంగా మూడు తరాల జాడీ కావలసి వచ్చింది. కార్యదర్శి మణిశంకర్ గారు స్వయంగా కారేసుకుని వచ్చారు. అంత పెద్ద ఆఫీసరు ఆవకాయ కోసం గోదావరి దాటడమంటే మాటలా!

“మూడోనాడు తిరగకలపాలి బాబూ. లేకపోతే బూజొచ్చేస్తుంది. ఎప్పుడు పంపుతారు?”

“ఎల్లుండి తొమ్మిదింటికల్లా మీ అరుగు మీదుంటుందండి.”

ఎవరు గుమ్మం దాటినా ఎప్పుడొస్తారో అడిగి క్యాలెండర్ మీద రాసుకోవడం ఆవిడ అలవాటు. మే పన్నెండు చుట్టూ సున్నా చుట్టారు.

పన్నెండున తొమ్మిది దాటింది, పదీ దాటింది. ఇంకో పొడి గరిటె పట్టుకుని ఆవిడ రాజమండ్రి బస్సెక్కారు.

కమిటీ కూర్చున్న హాల్లో జాడీ మఖ్మల్ గుడ్డ మీద కూర్చుని ఉంది. మూతికి ఎర్ర లక్క సీలు. ఆవ అంటే ఆవపిండేనన్నారు పండితులు శశిభూషణ్ గారు. నీళ్ళు నిలిచే పల్లపు పొలాన్ని మా వైపు ఆవంటారు, పేరు అక్కడిదేనన్నాడు ఓ రైతు నాయకుడు. కాదు, కుండలు కాల్చే ఆవం నుంచి వచ్చిందన్నారు మరొకరు.

“మూడూ మన జిల్లావే!” అని మంత్రిగారు గొడవ తీర్చి, కమిటీకి ఇంకో నెలన్నర గడువిచ్చారు. ఆయన పెద్దమనసుకి హాలంతా చప్పట్లు కొట్టింది.

“ఒక్కసారి కలిపేసి పోతానండి,” అన్నారు సీతారామలక్ష్మి గారు.

“సీలేశామండి అమ్మగారూ. పేరు తేలేదాకా ఎవరూ ముట్టుకోకూడదు.”

“పేరు తేలేలోపు కాయ పాడైపోతుంది కదండీ!”

“నోట్ చేసుకుంటానండి,” అన్నారు మణిశంకర్ గారు. నిజంగానే చేసుకున్నారు, ఫైల్లో, తేదీతో సహా.

జూన్ ఇరవయ్యెనిమిదిన కెమెరాల ముందు సీలు తీశారు. జాడీ నిండా తెల్లగా మందపాటి పొర. శశిభూషణ్ గారు కళ్ళజోడు సవరించుకుని వంగి చూసి, “ప్రాచీనత!” అన్నారు. మంత్రిగారు చెప్పులు విప్పి జాడీకి దణ్ణం పెట్టి, కెమెరాల వైపు తిరిగారు.

“వెయ్యేళ్ళ నాటి పొర ఇది! ఆవ మన గడ్డ మీదే పుట్టిందనడానికి ఇంకేం సాక్ష్యం కావాలి?”

వెనక వరసలో సీతారామలక్ష్మి గారు లేచి నిలబడ్డారు.

“బాబూ, అది బూజండీ! మే పదిన నేనే కలిపాను!”

“నోట్ చేసుకున్నానండి అమ్మగారూ,” అన్నారు మణిశంకర్ గారు, కుర్చీ జరిపి కూర్చోబెడుతూ.

ఇప్పుడు జాడీ మ్యూజియంలో అద్దాల బీరువాలో ఉంది. కింద పలక మీద ‘పదకొండో శతాబ్దం’ అని చెక్కారు. పొడి గరిటె కూడా పక్కనే పెట్టారు, ఆనాటి పనిముట్టుగా.

ఎల్లుండి తొమ్మిదింటికి రావలసిన అత్తగారి జాడీ మే పదిన గుమ్మం దాటింది. మళ్ళీ రాలేదు.