మూడు వందల పన్నెండు మంది తలుచుకున్న వ్యాసం

మూడో రోజు కూడా వాదన బాత్రూమ్ తలుపుకి అటూ ఇటూ నిలబడే జరిగింది. లోపల మెదడు మీద పరిశోధన చేసే శాస్త్రవేత్త, క్వార్టర్స్‌లో అందరూ మెదడమ్మ అని పిలిచే ఇల్లాలు. బయట, భుజాన తువ్వాలుతో ఆమె భర్త, లెక్కల మాస్టారు. ఆయన వెనక అత్తగారు. ఆవిడ వెనక, గోడకి చేరబడి నిలబడే నిద్రపోతున్న ఏడో తరగతి పాప.

"వ్యాసం వెనక్కి తీసుకుంటే ప్రమోషన్ పోతుంది. ప్రమోషన్ పోతే రెండు బాత్రూమ్‌ల క్వార్టర్ పోతుంది. ఆపైన నీ ఇష్టం," అన్నారు మాస్టారు.

"అది తప్పండీ," అంది ఆమె లోపల్నుంచి.

"తప్పో ఒప్పో తర్వాత తేల్చుకుందువు గాని, ముందు బయటికి రా అమ్మాయ్," అన్నారు అత్తగారు.

విషయం చాలా చిన్నది. పదకొండేళ్ల క్రితం మెదడమ్మ నలభై ఎలుకల మీద పరిశోధన చేసి, నిద్ర మానేసిన ఎలుకలకే జ్ఞాపకశక్తి ఎక్కువని ఒక వ్యాసం అచ్చువేసింది. పోయిన నెల పాత నోటుపుస్తకం తిరగేస్తే, రెండు పంజరాల చీటీలు తారుమారయ్యాయని తెలిసింది. హాయిగా పడుకున్న ఎలుకల తెలివంతా మేలుకున్న ఎలుకల పేరు మీద పడింది. చీటీలు అంటించింది ఆమే. అప్పట్లో పాపకి పళ్లొస్తున్నాయి. ఆ వారమంతా తల్లి కంటిమీద కునుకు లేదు.

ఆ వ్యాసానికి శాస్త్రలోకంలో దక్కిన గౌరవం అంతా ఇంతా కాదు. ఒకరి వ్యాసంలో ఇంకొకరి వ్యాసం పేరు వస్తే దాన్ని సైటేషన్ అంటారు. అవి ఎన్నుంటే అంత మేధావి. దీనికి మూడు వందల పన్నెండు వచ్చాయి. అందులో రెండు వందల తొంభై ఎనిమిది మంది ఇది శుద్ధ తప్పు అని రాశారు. మిగిలిన పద్నాలుగు మంది చదవకుండా రాశారు. ఇన్నేళ్లూ ఆమె దాన్ని అసూయ అనుకుంది. ఆమె రాసిన మిగతా తొమ్మిది వ్యాసాల్లో ఒక్క తప్పూ లేదు. వాటన్నిటికీ కలిపి ఆరు సైటేషన్లు. అందులో నాలుగు ఆమె స్వయంగా ఇచ్చుకున్నవి.

లోకం మాత్రం శాస్త్రాన్ని గౌరవించింది. కోచింగ్ సెంటర్లు 'నిద్రే శత్రువు' అని బోర్డులు పెట్టి తెల్లారకముందే గంట కొట్టాయి. భార్య పరిశోధనని నమ్మే అరుదైన భర్త కాబట్టి మాస్టారు పాపని నాలుగింటికే లేపుతూ వచ్చారు. పోయిన నెల పరీక్షలో పాప జవాబు పత్రం మీదే తలపెట్టి నిద్రపోయింది. మూడో ప్రశ్నకి రాసిన జవాబు చొంగలో కలిసిపోయింది. ఆ పేపరు చూశాకే మెదడమ్మ పాత నోటుపుస్తకం బయటికి తీసింది.

సంగతంతా విని, ఆమె పనిచేసే పరిశోధన సంస్థ డైరెక్టరు గారు కుర్చీలోంచి లేచి మరీ ప్రసంగించారు.

"డాక్టర్ గారూ, మూడు వందల పన్నెండు మంది మిమ్మల్ని తలుచుకున్నారు. నన్ను మా ఇంట్లోనే ఎవరూ తలుచుకోరు. తిట్టారా, పొగిడారా అన్నది రాయడానికి మన ప్రమోషన్ ఫారంలో గడి లేదు. లేని గడిని నింపాలనుకోవడం క్రమశిక్షణ అనిపించుకోదు!"

అయినా ఆమె వ్యాసం అచ్చేసిన పత్రికకి ఉత్తరం పంపింది. ఏడు నెలల తర్వాత ఆ పత్రిక చివరి పేజీలో, మైక్రోస్కోపుల ప్రకటన కింద, వ్యాసాన్ని రచయిత్రి ఉపసంహరించుకున్నారని రెండు లైన్లు వేసింది. ఆ పేజీ ఎవరూ తిప్పలేదు. ఏడాది తిరిగేసరికి సైటేషన్లు మూడు వందల యాభై ఒకటి అయ్యాయి. సంస్థ ఆ రెండు లైన్లని కూడా ఆమె పదకొండో ప్రచురణగా నమోదు చేసుకుని, క్లుప్తతని ప్రత్యేకంగా మెచ్చుకుంది.

ప్రమోషన్ వచ్చింది. కొత్త క్వార్టర్ వచ్చింది. రెండు బాత్రూమ్‌లలో ఒకదానికి అత్తగారు తాళం వేసి తాళంచెవి కొంగున ముడేసుకున్నారు. మాస్టారు పాపని ఇప్పుడు మూడున్నరకే లేపడం మొదలుపెట్టారు.

"అది తప్పని నేనే రాసిచ్చాను కదండీ!" అంది మెదడమ్మ.

"తప్పయితే ప్రమోషన్ ఎందుకిస్తారు, చెప్పు?" అన్నారాయన.

ఈ వాదనకి జవాబు ఇంతవరకూ ఏ శాస్త్రవేత్తా కనిపెట్టలేదు.

ఆ ఆదివారం అందరూ భోజనాలకి కూర్చున్నారు. పాప చెయ్యి కంచంలోనే ఉంది, కళ్లు మూతపడి ఉన్నాయి. మెదడమ్మ గొంతు పెంచకుండా, కూర గిన్నె ఇటు జరుపుతూ చెప్పింది.

"రేపట్నుంచి పాప ఏడింటికి లేస్తుంది. అంతకుముందు దాన్ని ఎవరూ కదపొద్దు. దీన్ని మాత్రం ఎక్కడా అచ్చు వెయ్యను. అచ్చువేస్తే ఎవరూ చదవరని తేలిపోయింది కదా, అందుకే నోటితో చెప్తున్నా."